గంటల లెక్క లేని పట్టా

సంపాదకులకు నమస్కారాలు.

నేను హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఫిజియోథెరపీ కళాశాలలో ఇరవై రెండేళ్లు పాఠాలు చెప్పి, రెండేళ్ల క్రితం ఉద్యోగ విరమణ చేసిన అధ్యాపకురాలిని. విరమణ చేసినా నెలకు రెండు మూడు ఫోన్లు తప్పడం లేదు. బ్రాంప్టన్ నుంచో, మెల్‌బోర్న్ నుంచో, లీడ్స్ నుంచో ఒకప్పటి విద్యార్థి ఎవరో చేస్తారు, కుశలప్రశ్నలయ్యాక కాస్త మొహమాటంగా అడుగుతారు: “మేడమ్, మనకు రెండో సంవత్సరంలో ఎలక్ట్రోథెరపీ ఎన్ని గంటలు చెప్పారో ఎక్కడైనా రాసి ఉంటుందా?” ఆ రోజుల్లో ఆ క్లాసు ఎగ్గొట్టి క్యాంటీన్‌లో కూర్చున్న పిల్లలే ఇప్పుడు దాని గంటల లెక్క అడుగుతుంటే మొదట్లో నవ్వొచ్చేది. ఆ ఒక్క అంకె దొరకక ఏళ్ల తరబడి వృత్తికి దూరమైనవాళ్లను చూశాక ఆ నవ్వు పోయింది. ఈ సంగతిని మీ పాఠకుల దృష్టికీ, వీలైతే మన ఆరోగ్య విశ్వవిద్యాలయాల దృష్టికీ తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

విదేశాలకు వలస వెళ్లే ఫిజియోథెరపిస్టు ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. ఒక దేశంలో నివసించడానికి ఇచ్చే అనుమతి వేరు, ఆ దేశంలో రోగి ఒంటి మీద చెయ్యి వేయడానికి ఇచ్చే అనుమతి వేరు. అమీర్‌పేటలోనూ దిల్‌సుఖ్‌నగర్‌లోనూ బోర్డులు కట్టుకుని కూర్చున్న కన్సల్టెన్సీలు మొదటిదాని గురించి గంటసేపు చెబుతాయి, రెండోదాన్ని “అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చు” అన్న ఒక్క ముక్కతో దాటేస్తాయి. కెనడా సంగతే తీసుకుందాం. పాయింట్లు లెక్కగట్టి వలసదారులను ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో దరఖాస్తు చేసేటప్పుడు మన పట్టా అక్కడి ఏ పట్టాకు సమానమో తెలిపే నివేదిక కావాలి. వైద్యులూ ఫార్మసిస్టులూ ఆ నివేదికను తమ తమ వృత్తులకు సంబంధించిన సంస్థల నుంచే తేవాలన్న నిబంధన ఉంది కాబట్టి, తమ చదువుకు అక్కడ ఎంత విలువ కడతారో వాళ్లకు బయలుదేరే ముందే కొంత అర్థమవుతుంది. ఫిజియోథెరపిస్టులకు ఆ నిబంధన లేదు. వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్ వంటి ఏదో ఒక సాధారణ సంస్థ మన బీపీటీని, అంటే బ్యాచిలర్ ఆఫ్ ఫిజియోథెరపీ పట్టాను, అక్కడి బ్యాచిలర్ డిగ్రీతో సమానమని రాసిస్తే పాయింట్లు వస్తాయి, పీఆర్, అంటే శాశ్వత నివాస అనుమతి, వస్తుంది, ఇంట్లో వాళ్లు మిఠాయిలు పంచుతారు. ఆ కాగితంలో “సమానం” అని ఉన్న మాటను మావాళ్లు లైసెన్సుకు కూడా వర్తింపజేసుకుంటారు. అసలు పరిశీలన దిగిన తరవాత మొదలవుతుంది. అది చేసే సంస్థ కెనడియన్ అలయన్స్ ఆఫ్ ఫిజియోథెరపీ రెగ్యులేటర్స్. క్విబెక్ ప్రావిన్సుది మళ్లీ వేరే దారి. కెనడాలో కొత్తగా పట్టా పుచ్చుకునే ఫిజియోథెరపిస్టులు మాస్టర్స్ స్థాయిలో చదివి బయటికి వస్తున్నారు గనుక, మన బీపీటీలో ఏముందో సబ్జెక్టు సబ్జెక్టుగా విప్పి చూస్తారు. అది దాటితే రాత పరీక్ష. ఆ పైన ఒకప్పుడు దేశమంతటికీ ఒకే క్లినికల్ పరీక్ష, అంటే చికిత్స చేసి చూపించే పరీక్ష, ఉండేది. కోవిడ్ కాలంలో అది ఆగిపోయి, 2022లో దాన్ని నిర్వహించడమే మానుకోవడంతో, క్లినికల్ సామర్థ్యాన్ని ఎలా పరీక్షించాలన్నది ప్రావిన్సులు ఎవరికి వారు చూసుకోవలసి వచ్చింది. ఒకరి అనుభవం ఇంకొకరికి పనికిరాకుండా పోయిన కాలమది.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి కథ చెబితే ఇదంతా తేటపడుతుంది. 2012లో బీపీటీలో చేరింది. చదువు ముగిశాక నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో పక్షవాతం వచ్చినవాళ్లతో నాలుగేళ్లు పనిచేసింది. పెళ్లయ్యాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయిన భర్తతో 2021లో పీఆర్ మీద కెనడా వెళ్లింది. అక్కడ ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు సహాయకురాలిగా చేరింది. అంటే రోగి పరిస్థితిని అంచనా వేయడం, ఏ చికిత్స ఇవ్వాలో నిర్ణయించడం మరొకరి పని. చెప్పిన వ్యాయామాలు చేయించడం ఈమె పని. పట్టా పరిశీలనకు దరఖాస్తు పెట్టుకున్నప్పుడు మార్కుల మెమోలు, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. లేనిదల్లా, ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు, అందులో థియరీ ఎంత, ప్రాక్టికల్ ఎంత, ఏ విభాగంలో ఎన్ని గంటలు రోగులతో పనిచేసింది అన్నది చదివించిన సంస్థే సంతకం చేసి, ముద్ర వేసి, నేరుగా పంపవలసిన పత్రం. ఈలోగా మా కళాశాల యాజమాన్యం మారింది, అద్దె భవనం మారింది, పాత రిజిస్టర్లు ఎప్పుడో చిత్తు కాగితాల వాడి తూకంలోకి వెళ్లాయి. ఆమె తండ్రి నల్లగొండ నుంచి మూడుసార్లు బస్సెక్కి వచ్చి ఆఫీసు ముందు నిలబడ్డాడు. నాలుగోసారి నా ఇంటికి వచ్చాడు. మా అటక మీద ఒక రేకు పెట్టెలో, ఆ బ్యాచ్‌కు ఎవరు ఎప్పుడు ఏ ఆసుపత్రి విభాగంలో పనిచేయాలో నేను స్వయంగా వేసిన క్లినికల్ పోస్టింగుల షెడ్యూళ్లు దొరికాయి. నా చేతిరాతే, నీలం సిరా. కానీ నేను సంతకం పెడితే చెల్లదు, ఇప్పటి ప్రిన్సిపాల్ పెట్టాలి. “ఆ కాలంలో నేనిక్కడ లేను కదమ్మా, చూడనిదానికి సంతకం ఎలా పెట్టను?” అన్నారాయన. ఆ మాటలో తప్పేమీ లేదు, ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. చివరికి ఆ షెడ్యూళ్లనూ విశ్వవిద్యాలయం ముద్రించిన సిలబస్‌నూ జతచేసి, వాటిని ఆధారం చేసుకుని ఇస్తున్నామని రాసి పంపారు. ఈ ఒక్క కాగితానికి పదకొండు నెలలు పట్టింది.

ఇందులో విచారించవలసిన విషయం ఏమంటే, మన పిల్లలు గంటల్లో ఎవరికీ తీసిపోరు. బ్రిటన్‌లో ఫిజియోథెరపీ చదివే విద్యార్థి కోర్సు మొత్తం మీద సుమారు 1,000 గంటల క్లినికల్ శిక్షణ పొందాలని అక్కడి వృత్తి సంఘం ఆశిస్తుంది. మన దగ్గర నాలుగేళ్ల చదువు తరవాత ఇన్నాళ్లూ ఉంటూ వచ్చిన ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఒక్కటే చూసినా, 26 వారాలు, వారానికి ఆరు రోజులు, రోజుకు ఏడు గంటల లెక్కన 1,092 గంటలు అవుతాయి. దానికి ముందు మూడో సంవత్సరం, నాలుగో సంవత్సరం పోస్టింగులు అదనం. ఉస్మానియా, గాంధీ వంటి ఆసుపత్రుల్లో మన విద్యార్థి ఒక్క ఉదయంలో చూసే రోగుల వైవిధ్యం విదేశాల్లో చాలామంది విద్యార్థులకు దొరకదు. ఇంతా చేసి మనం చేతికిచ్చే సర్టిఫికెట్‌లో ఉండేది ఒక్క వాక్యం: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు రొటేటరీ ఇంటర్న్‌షిప్ సంతృప్తికరంగా పూర్తిచేసినట్లు. అవతలివాళ్లకు కావలసింది ఎముకలు కీళ్ల విభాగంలో ఎన్ని గంటలు, నాడీ విభాగంలో ఎన్ని, గుండె ఊపిరితిత్తుల విభాగంలో ఎన్ని అన్న వివరం. ముఖ్యంగా ఈ మూడోదాని దగ్గర మనవాళ్లు ఆగిపోతారు. ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న రోగికి కఫం తీయించి, మర్నాడు కూర్చోబెట్టి, ఆ మర్నాడు నాలుగడుగులు నడిపించిన పిల్ల, “గుండె ఊపిరితిత్తుల విభాగంలో శిక్షణకు ఆధారం లేదు” అన్న జవాబు చదువుకోవలసి వస్తుంది. చేసిన పనికి లాగ్‌బుక్ లేదు. ఉన్నా దాన్ని ఇంటర్న్‌షిప్ అయిపోగానే కళాశాలకు అప్పజెప్పించుకున్నాం, తరవాత ఏమైందో అడిగినవాడు లేడు. ఈ అపరాధంలో నాకూ భాగం ఉంది. హాజరు పట్టికల మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతు గంటల పట్టికల మీద పెట్టలేదు. లెక్క ఎందుకు ఉంచాలో ఆనాడు మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేర్లది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు పూర్తిగా విప్పి చివరికి వెళుతుంది. పెళ్లయిన ఆడపిల్లకు మధ్యలో భర్త ఇంటిపేరు వచ్చి చేరుతుంది. మార్కుల మెమోలో “లక్ష్మి” ఇంగ్లిషు అక్షరాల్లో ఒకలా, ఓడీలో మరోలా పడుతుంది. మనకు చూడగానే ఒకే మనిషని తెలుస్తుంది. టొరంటోలో కాగితాలు సరిచూసే ఉద్యోగికి మాత్రం ఇద్దరు ముగ్గురు మనుషులు కనిపిస్తారు. నోటరీ దగ్గర రాయించే అఫిడవిట్‌తో కొన్నిచోట్ల పని జరుగుతుంది, కొన్నిచోట్ల విశ్వవిద్యాలయమే సరిదిద్ది ఇవ్వాలంటారు. ఇంటర్న్‌షిప్‌లో ఉండగానే పాస్‌పోర్టు తీసుకుని, ఓడీకి దరఖాస్తు చేసేటప్పుడు రెంటిలోనూ పేరు ఒకేలా ఉండేటట్టు చూసుకోమని నా ఆఖరి బ్యాచ్‌లకు ప్రతి ఏడూ చెప్పాను. విన్నవాళ్లు కొద్దిమందే.

పేరు మారేది మనుషులకే కాదు. రాష్ట్ర విభజన తరవాత వరంగల్‌లో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడక మునుపు హైదరాబాద్ కళాశాలల్లో చదివినవాళ్ల పట్టాలు విజయవాడలోని విశ్వవిద్యాలయానివి. 1986లో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయంగా మొదలై, తరవాత ఎన్టీఆర్ పేరు పెట్టుకుని, 2022లో వైఎస్సార్ పేరుకు మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకు వచ్చిన సంస్థ అది. కాబట్టి హైదరాబాద్‌లో చదివి, ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉన్న విశ్వవిద్యాలయం నుంచి ట్రాన్‌స్క్రిప్టు, అంటే చదివిన సబ్జెక్టుల, మార్కుల అధికారిక పత్రం, తెప్పించుకునే అభ్యర్థి, పట్టా మీద ఒక పేరూ కవరు మీద మరో పేరూ ఎందుకున్నాయో పరాయి దేశపు పరిశీలకుడికి ఒక్కోసారి విడమరచి చెప్పుకోవలసి వస్తుంది. ఆ పేర్ల చరిత్రను ఒక పేజీలో అధికారికంగా ఇంగ్లిషులో రాసి, ట్రాన్‌స్క్రిప్టుతో పాటే జతచేసి పంపితే ఈ తలనొప్పి ఉండదు.

మిగతా దేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్‌లో హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరెక్కితే తప్ప ఫిజియోథెరపిస్టు అన్న మాటను తన పేరు పక్కన వాడుకోవడానికే చట్టం ఒప్పుకోదు. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిషు పరీక్షలో మొత్తం మీద 7, ఏ విభాగంలోనూ 6.5కు తగ్గకుండా కావాలి. అదే వృత్తికి చెందిన పరిశీలకులు మన చదువునూ అనుభవాన్నీ కలిపి చూస్తారు గనుక, పట్టాలో కనిపించే లోటును ఉద్యోగానుభవంతో పూడ్చుకునే వీలు అక్కడ కొంత ఎక్కువ. ఆస్ట్రేలియాలో వలసకు నైపుణ్య నివేదిక ఇచ్చేదీ, వృత్తిలోకి రావడానికి అర్హత పరీక్షించేదీ ఒకే సంస్థ, ఆస్ట్రేలియన్ ఫిజియోథెరపీ కౌన్సిల్. అందువల్ల కెనడాలో జరిగినట్టు పీఆర్ చేతికొచ్చాక కళ్లు తెరుచుకోవడం అక్కడ తక్కువ. రాత పరీక్ష తరవాత కండరాలు కీళ్లు, నాడీ వ్యవస్థ, గుండె ఊపిరితిత్తులు, ఈ మూడు విభాగాల్లోనూ విడివిడిగా క్లినికల్ పరీక్షలు ఉంటాయి. గల్ఫ్ దేశాలకు వెళ్లేవాళ్లకు డేటాఫ్లో అనే సంస్థ చేసే ధ్రువీకరణ తప్పనిసరి. అది పట్టా ఇచ్చినచోటికీ, పనిచేసినచోటికీ తానే ఉత్తరం రాసి నిజమా అని అడుగుతుంది. జవాబు రాకపోతే ధ్రువీకరించలేకపోయామని రాసుకుని ఊరుకుంటుంది. మా కళాశాల ఈమెయిలు చాలాకాలం ఒకే గుమాస్తా ఫోన్‌లో ఉండేది, ఆయన సెలవు పెడితే దానికీ సెలవే. ఆ సెలవు రోజుల్లో ఎంతమంది ఉద్యోగాలు జారిపోయాయో నాకు తెలియదు.

అమెరికా గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అందరూ అడిగేది దాని గురించే. అక్కడ లైసెన్సు ఇచ్చేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. పరీక్ష మాత్రం అన్నిటికీ ఒకటే, ఎన్‌పీటీఈ (నేషనల్ ఫిజికల్ థెరపీ ఎగ్జామినేషన్). ఆ వృత్తిలోకి ప్రవేశించే పట్టా అక్కడ ఇప్పుడు డాక్టరేటు స్థాయిది. మన పట్టాను దేనితో పోల్చాలన్నది మనం పట్టా పొందిన సంవత్సరాన్ని బట్టి మారుతుంది. పదిహేనేళ్ల క్రితం ఉత్తీర్ణురాలైన అక్కకు సరిపోయిన కొలత చెల్లెలికి సరిపోదు. ఇంటర్‌లో బైపీసీ చదివి నేరుగా బీపీటీలో చేరిన మనవాళ్లకు సాహిత్యం, చరిత్ర, సామాజిక శాస్త్రాల వంటి సాధారణ విద్య క్రెడిట్లలో లోటు పడుతుంది, దాన్ని విడిగా పరీక్షలు రాసి పూరించుకోవాలి. ఆరోగ్య వృత్తుల్లో పనిచేయడానికి వలస వచ్చేవాళ్లు ప్రత్యేక ధ్రువపత్రం తేవాలని 1996 నాటి వలస చట్టం చెబుతోంది. ఫిజికల్ థెరపిస్టుల (ఫిజియోథెరపిస్టులకు అక్కడి పేరు) కొరత ఉందని అక్కడి కార్మిక శాఖ ముందే గుర్తించి, నర్సులతో పాటు వాళ్లకూ లేబర్ సర్టిఫికేషన్‌లో, అంటే స్థానికులు దొరకడం లేదని యజమాని చూపించుకోవలసిన ప్రక్రియలో, మినహాయింపు ఇచ్చింది. అయితే భారతీయులు గ్రీన్‌కార్డు కోసం నిలబడే ఆ పొడవాటి వరుసను మాత్రం అది తగ్గించదు. ఎన్‌పీటీఈ ఏడాదిలో మూడుసార్లకు మించి, మొత్తం జీవితంలో ఆరుసార్లకు మించి రాయనివ్వరు.

2010లో ఆ పరీక్ష నిర్వహించే సమాఖ్య, ప్రశ్నలు బయటికి పొక్కుతున్నాయన్న కారణంతో, భారత్, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, ఈజిప్టు దేశాల్లో చదివినవాళ్లను కొంతకాలం ఆ పరీక్షకే అనుమతించలేదు. తరవాత వాళ్లకోసం ప్రత్యేకంగా మరో పరీక్ష పెట్టారు. తప్పు చేసినవాళ్లు ఎవరైనా, శిక్ష నాలుగు దేశాల పట్టభద్రులందరికీ పడింది. పరీక్ష రాసి వచ్చినవాళ్లు గుర్తుపెట్టుకున్న ప్రశ్నలంటూ ఈరోజుకీ వాట్సాప్ గ్రూపుల్లో ఏవేవో తిరుగుతూనే ఉన్నాయి, నాకూ ఎవరో పంపారు. అటువంటివి దాచుకునే పిల్లలకు 2010 సంగతి ఎవరైనా గట్టిగా చెప్పాలి.

ఈ దేశాలన్నీ ఏదో ఒక దశలో అడిగే మరో పత్రం, మీ దేశంలో మీ వృత్తిని నియంత్రించే సంస్థ నుంచి సత్ప్రవర్తన ధ్రువపత్రం. ఢిల్లీవాళ్లకు 1997 చట్టంతో, మహారాష్ట్రవాళ్లకు 2002 చట్టంతో కౌన్సిళ్లు ఏర్పడ్డాయి గనుక వాళ్లు తేగలరు. మన ప్రాంతంలో చదివినవాళ్లు చాలామంది 1955 నుంచి ఉన్న ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజియోథెరపిస్ట్స్ సభ్యత్వ పత్రాన్ని పంపి, అది స్వచ్ఛంద సంఘమే గాని నియంత్రణ సంస్థ కాదన్న జవాబు అందుకున్నవాళ్లే. దేశం మొత్తానికీ వర్తించే చట్టం, నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం, 2021లో వచ్చింది. ప్రతి రాష్ట్రమూ కౌన్సిల్ పెట్టి రిజిస్టర్ నిర్వహించాలని అందులో ఉన్నా, చాలాచోట్ల కదలిక లేకపోవడంతో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కలగజేసుకుని, రెండు నెలల్లో అమలు చేయాలని కేంద్రాన్నీ రాష్ట్రాలనూ ఆదేశించవలసి వచ్చింది. ఫిజియోథెరపీకి అయిదేళ్ల కొత్త పాఠ్యప్రణాళిక కూడా 2025లో విడుదలైంది. అందులో ఇంటర్న్‌షిప్ ఏడాది. ఇవి మంచి మార్పులు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న పిల్లలకు వీటి ఫలితం అందుతుంది. పాతికేళ్లుగా ఈ నగరం నుంచి పట్టాలు పుచ్చుకుని వెళ్లినవాళ్లకు వీటివల్ల ఒరిగేది తక్కువ, వాళ్ల గంటల లెక్క పాత సిలబస్ పుస్తకాల్లోనే ఉంది.

అందుకే విశ్వవిద్యాలయాలను నేను కోరేది చిన్నది. ఇప్పటిదాకా అమలైన ప్రతి బీపీటీ, ఎంపీటీ (మాస్టర్స్ స్థాయి) సిలబస్‌ను, అది ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు వర్తించిందో స్పష్టంగా రాసి, సబ్జెక్టువారీ గంటలతో సహా తమ అధికారిక వెబ్‌సైట్‌లో పెడితే, మూతపడిన కళాశాలల విద్యార్థులకు కూడా ఆధారం దొరుకుతుంది, నాటి సంగతి ఎరగని నేటి ప్రిన్సిపాల్ కూడా ధైర్యంగా సంతకం పెట్టగలుగుతారు. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ వెనక వైపు ఖాళీగానే ఉంటుంది. విభాగాలవారీ గంటలు అక్కడ అచ్చువేయడానికి కొత్త కాగితం కూడా అక్కర్లేదు. ఇక రాష్ట్ర కౌన్సిల్ రిజిస్టర్‌లో కొత్తవాళ్లనే కాక, ఇప్పటికే విదేశాల్లో ఉన్న మన పట్టభద్రులను కూడా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకునే వీలు కల్పించాలి. సత్ప్రవర్తన పత్రం కోసం వాళ్లు హైదరాబాద్ వచ్చి వెళ్లాలంటే విమాన ఛార్జీలకే చాలా డబ్బు పోతుంది.

నేను చెప్పిన అమ్మాయి పట్టా పరిశీలన పోయిన సంవత్సరం పూర్తయింది. ఇప్పుడు రాత పరీక్షకు చదువుతోంది. పగలు క్లినిక్‌లో పని, రాత్రి పసిబిడ్డ. మా అటక మీది రేకు పెట్టెలో 2004 నుంచి 2016 వరకు చేరిన బ్యాచ్‌ల పోస్టింగు షెడ్యూళ్లు ఇంకా ఉన్నాయి. వాటిని స్కాన్ చేయించి, ఒక ప్రతి కళాశాలకు ఇచ్చాను, ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను. ఆ సంవత్సరాల విద్యార్థులెవరికైనా కావలసి వస్తే కళాశాల ఆఫీసులో అడగవచ్చు. అక్కడ దొరకలేదంటే, నా నంబరు మీ సీనియర్ల దగ్గర ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజియోథెరపీ అధ్యాపకురాలు,
మలక్‌పేట, హైదరాబాద్.